హార్మాద్: భయపడ్డవాళ్ళ మాట

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్స్ వెనక ఒక జామచెట్టు ఉండేది. చెట్టు పక్కింటి దీదిమాది, బెంగాలీలో దీదిమా అంటే అమ్మమ్మ. కొమ్మల్లో సగం మాత్రం మా గోడ మీదికి వాలి ఉండేవి. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళ చూసుకుని అన్నయ్యా నేనూ గోడెక్కేవాళ్ళం. ఎలా తెలిసేదో గానీ, రెండో కాయ కోసేలోపే కిటికీ రెక్క టప్పున తెరుచుకునేది. "హార్మాదేర్ దల్!" అని కేక. హార్మాద్‌ల గుంపు అని దాని అర్థం. కాయలు ఒళ్ళో వేసుకుని దూకి పారిపోయేవాళ్ళం.

మా అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు ఇదే అల్లరి చూసి "ఈ బుడతకీచులు ఇంటిమీదికి తగువు తెచ్చేలా ఉన్నారే" అని అమ్మతో అనేది. గోడకి అటు హార్మాద్‌లం, ఇటు బుడతకీచులం. రెండు మాటలూ ఒకే దేశం ఓడల్లోంచి మన తీరాల మీద దిగాయని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి ఒక తగువే కారణం.

ఈమధ్య ఒక బెంగాలీ కథ తెలుగు చేశాను. అందులో ఒక ముసలి పడవవాడు రాత్రిపూట మనవడితో నది దాటుతుంటాడు. తన తాత చెప్పిన కాలం గురించి చెప్తూ చెప్తూ హార్మాద్ పేరెత్తుతాడు. నేను ఆ మాటను అలాగే ఉంచాను. పత్రిక నుంచి ప్రూఫు వచ్చేసరికి అది "పోర్చుగీసు నౌకాదళం" అయిపోయింది. ఫోన్ చేస్తే ఓపిగ్గానే చెప్పారు: "మూలం ఆర్మడా అండీ. నౌకాదళం అని అర్థం. బెంగాలీవాళ్ళ నోట్లో పడి పాడైంది. మేం అసలు అర్థానికి తెచ్చాం, అంతే."

నా పేచీ అంతా ఆ "అసలు అర్థం" దగ్గరే.

మాట పుట్టుక గురించి ఆయన చెప్పింది నిజమే. లాటిన్‌లో ఆర్మా అంటే ఆయుధాలు, పనిముట్లు. దాన్నుంచి ఆర్మాతా, అంటే ఆయుధాలు పట్టినది. అదే స్పెయిన్, పోర్చుగల్ భాషల్లో ఆర్మాదా అయి, యుద్ధపు ఓడల దండుకి పేరుగా స్థిరపడింది. 1588లో ఇంగ్లండు మీదికి స్పెయిన్ రాజు పంపిన ఓడల దండు వల్ల ఆ మాట మన స్కూలు పుస్తకాల్లోకి కూడా వచ్చింది. బెంగాలీలో ముందు ఒక హకారం చేరి, చివరి అచ్చు రాలిపోయి, హార్మాద్ అయింది. ఇందులో వివాదం లేదు.

ఇదే వేరుకి మన ఇళ్ళలో ఒక కొమ్మ ఉంది. లాటిన్‌లో ఆ ఆర్మా నుంచే ఆర్మారియుం అని ఇంకో మాట వచ్చింది. పనిముట్లు, సామాన్లు దాచుకునే పెట్టె అది. పోర్చుగీసులో అది అర్మారియు అయింది, మన దగ్గరికొచ్చి అల్మారా అయింది. మా అమ్మ పట్టుచీరలు, కరెంటు బిల్లులు, అన్నయ్య టెన్త్ సర్టిఫికెట్టు అన్నీ దాచిన ఆకుపచ్చ చెక్క అల్మారా, దీదిమా నోట్లోని హార్మాద్, రెండూ అక్కాచెల్లెళ్ళు. అలాగని "అల్మారా అసలు అర్థం ఆయుధాల పెట్టె" అని ఎవరైనా దిద్దితే ఒప్పుకుంటామా? అల్మారాకి అర్థం మన ఇంట్లో ఉంది, లాటిన్‌లో లేదు. మరి హార్మాద్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోవాలి?

హార్మాద్‌కి అర్థం పుట్టిన చోటు లిస్బన్ కాదు, బెంగాల్ నదుల నోళ్ళు. పదహారో శతాబ్దం చివర్లో ముకుందరామ్ చక్రవర్తి రాసిన చండీమంగళ్‌లో ధనపతి అనే వర్తకుడు సింహళానికి ఓడల్లో వెళ్తాడు. దారిలో ఫిరంగుల సీమ, అంటే పోర్చుగీసువాళ్ళ సీమ, వస్తుంది. అక్కడ చుక్కాని పట్టినవాడు ఆగకుండా, రాత్రి కూడా పడవ నడిపించుకుపోతాడు. ఎందుకయ్యా అంటే హార్మాద్ డర్, హార్మాద్ అంటే భయం. బెంగాలీ కావ్యంలో ఆ మాట కనిపించడమే భయంతో జంటగా కనిపించింది. అంటే ముకుందరామ్ కాలానికే ఆ మాట విన్నవాళ్ళకి ఓడల లెక్క గుర్తుకు రావడంలేదు, గుండె ఝల్లుమంటోంది.

ఎవరు వీళ్ళు? చిట్టగాంగ్‌ని పోర్చుగీసువాళ్ళు పోర్టో గ్రాందే, అంటే పెద్ద రేవు అనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల చేరినవాళ్ళలో గోవాలోని పోర్చుగీసు ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉన్నవాళ్ళు తక్కువ. గోవా, కొచ్చిన్, సింహళం, మలక్కాల నుంచి కొలువు వదిలి పారిపోయినవాళ్ళూ, నేరాలు చేసి తప్పించుకున్నవాళ్ళూ అక్కడ జమయ్యారని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. ఇప్పటి మయన్మార్ తీరంలోని అరకాన్ రాజు తన సరిహద్దు కాపలాకి వాళ్ళని చేరదీశాడు. ఆ స్నేహం కూడా నిలకడగా లేదు. 1607లో అదే అరకాన్ రాజు చిట్టగాంగ్ దగ్గరి డియాంగాలో వాళ్ళని ఊచకోత కోయించాడు. 1609లో సెబాస్టియావ్ గొంసాల్వెస్ తిబావు అనే అతను సంద్వీప్ దీవిని పట్టుకుని కొన్నేళ్ళు రాజులా ఏలాడు. చివరికి ఆ దీవీ అరకాన్ రాజుకే పోయింది. ఆ తర్వాత అరకాన్‌వాళ్ళూ ఫిరంగులూ కలిసి దశాబ్దాల తరబడి బెంగాల్ డెల్టా మీద పడ్డారు. సరుకు కోసం వచ్చిన రోజులూ ఉన్నాయి గానీ, ముఖ్యంగా వచ్చింది మనుషుల కోసం.

తెడ్లతో నడిచే తేలిక ఓడల్లో కాలవల వెంట చాలా లోపలికి వచ్చేవాళ్ళు. సంతరోజు, పెళ్ళిరోజు, పండగరోజు చూసుకుని ఊరి మీద పడేవాళ్ళు. బెంగాల్ మొగల్ సుబేదారు షాయిస్తా ఖాన్ కాలపు చరిత్రకారుడు షిహాబుద్దీన్ తాలిష్ రాసిపెట్టిన వివరం ఒకటి ఉంది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళాను. పట్టుకున్నవాళ్ళని, హిందువులా ముసల్మానులా, ఆడా మగా, పెద్దా చిన్నా అని చూడకుండా, అరచేతులకి చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లోంచి సన్నటి పేము బెత్తాలు దూర్చి, దండలా గుచ్చి, ఓడ అడుగున ఒకళ్ళ మీద ఒకళ్ళని పడేసేవాళ్ళట. పొద్దున్నా సాయంత్రం పైనుంచి పచ్చి బియ్యం విసిరేవాళ్ళు, కోళ్ళకి గింజలు వేసినట్టు. బతికి బట్టకట్టినవాళ్ళని అరకాన్‌వాళ్ళు పొలం పనికి పెట్టుకునేవాళ్ళు, ఫిరంగులు అమ్ముకునేవాళ్ళు. దక్కను రేవుల్లో డచ్చివాళ్ళకీ, ఇంగ్లీషువాళ్ళకీ, ఫ్రెంచివాళ్ళకీ అమ్మారని తాలిష్ రాశాడు. ఒక్కోసారి తామ్లుక్, బాలాసోర్ రేవుల దగ్గరికే తెచ్చి, ఒడ్డుకి దూరంగా లంగరు వేసి, ఎక్కువ ధరకి అక్కడివాళ్ళకే అమ్మేవాళ్ళు.

తామ్లుక్ మా ఖరగ్‌పూర్‌కి రెండు గంటల ప్రయాణం. చిన్నప్పుడు బర్గభీమ గుడికి వెళ్ళాం. రూప్‌నారాయణ్ నది గట్టు మీద కూర్చుని ముడీ, అంటే మరమరాలు, తిన్నాం. ఆ నీళ్ళ మీద మనుషుల్ని బేరం పెట్టారని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు "పోర్చుగీసు నౌకాదళం" అన్న మాటని ఆ పేము బెత్తాల పక్కన పెట్టి చూడండి. ఆ మాట అబద్ధం ఆడుతోంది. నౌకాదళం అనగానే యూనిఫారం, జెండా, ఒక రాజు ఉత్తర్వు గుర్తొస్తాయి. దీనికి ఆ సంపాదకులు ఒక జవాబు ఇచ్చారు, అది తీసిపారేసేది కాదు. "సరే, అయితే ప్రభుత్వం ఓడలు వేరు, ఈ దొంగలు వేరు. బెంగాలీవాళ్ళు రెంటినీ కలిపేసి ఒకే పేరు పెట్టారు. పొరపాటే కదా?" అన్నారు.

నేను కాదంటాను. ప్రభుత్వం ఓడలు మాత్రం ఏం చేశాయి? పదహారో శతాబ్దం మొదటి నుంచీ హిందూ మహాసముద్రంలో పోర్చుగీసువాళ్ళు కర్తాజ్ అని ఒక చీటీ పద్ధతి పెట్టారు. వందల ఏళ్ళుగా మనవాళ్ళు, అరబ్బులు, గుజరాతీలు తిరిగిన సముద్రంలో తిరగడానికి వాళ్ళ దగ్గర డబ్బు కట్టి చీటీ కొనుక్కోవాలి. చీటీ లేని ఓడ దొరికితే సరుకుతో సహా పట్టుకుంటారు. మన మచిలీపట్నం ఓడలకీ ఈ బెడద తప్పలేదు. లిస్బన్‌లో కూర్చున్నవాడికి అది చట్టం. ఓడా సరుకూ పోగొట్టుకున్న వర్తకుడికి, రాజముద్ర ఉన్న దొంగకీ లేని దొంగకీ తేడా ఏముంటుంది? ఆర్మాదా అన్న మాటని దొంగ అన్న అర్థానికి లాగిన బెంగాలీ జనం పొరబడలేదు. సముద్రం మీద తాము చూసినదానికి సరైన పేరు పెట్టారు. మాట పాడవలేదు, అసలు రంగు బయటపడింది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బెంగాలీలో సముద్రపు దొంగకి బొంబేటే అని మరో మాట ఉంది. అది బొంబార్దేయ్రు అన్న పోర్చుగీసు మాట, ఫిరంగి పేల్చేవాడని అర్థం. అదీ మర్యాదైన కొలువు పేరే. అదీ ఈ నీళ్ళలోకి వచ్చి దొంగ పేరయింది. ఒక్క మాటకి జరిగితే నోరు తిరగక అనుకోవచ్చు. రెండు మాటలకీ అదే గతి పట్టిందంటే అది నోటి లోపం కాదు, అనుభవం.

ఇక మన బుడతకీచు. పోర్చుగీసు అన్న పేరే తెలుగు నోట బుడతకీచు అయింది. పాత తెలుగు రాతల్లో ఒలందులు (డచ్చివాళ్ళు), పరాసులు (ఫ్రెంచివాళ్ళు), ఇంగిలీసుల పక్కన బుడతకీచులూ కనిపిస్తారు. ఫిరంగికి తెలుగు రూపమైన పరంగి అన్న మాటకి పరిధి ఇంకా పెద్దది. పరంగిపండు, పరంగిచెక్క, పరంగిపుండు అని పండుకీ మందుకీ రోగానికీ అంటుకుంది. కానీ బుడతకీచు మా ఇంట్లో ముద్దుమాట. దాన్ని వింటే ఎవరికీ వణుకు పుట్టదు. బుడత అన్న మన సొంత మాట అందులో వినపడటంతో పిల్లలకి అతుక్కుపోయిందని నా ఊహ.

కానీ అదొక్కటే కారణమైతే నాకు తృప్తిగా లేదు. బెంగాల్లో జరిగినట్టు ఏళ్ళ తరబడి గోదారి కాలవల వెంట లోపలికి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఎత్తుకుపోవడం మన దగ్గర సాగలేదు. కోరమాండల్ తీరంలో మనుషులు ఓడలెక్కి బానిసలుగా పోలేదని కాదు, పోయారు, వేల సంఖ్యలో. అయితే ఇక్కడ వాళ్ళని రేవుకి తోలింది ఎక్కువగా కరువు. తిండి లేక పిల్లల్ని అమ్ముకున్నారు, తమని తామే అమ్ముకున్నారు. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకున్న డచ్చివాళ్ళు ఆ కొనుగోళ్ళు చేసి బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, పంపారు. కొన్నవాడి చేతిలో కత్తి కనపడలేదు కాబట్టి మనవాళ్ళు అతనికి తిట్టుపేరు పెట్టలేదు. ఒలందు అన్న మాట అందుకే ఒట్టి పేరుగా మిగిలింది. ఇది నన్ను బాధపెడుతుంది. సూళ్ళూరుపేట వైపు నుంచి పులికాట్ సరస్సుకి పక్షులు చూడ్డానికి వెళ్తాం. సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు వైపు, ఆ ఊరుంది. అక్కడి డచ్చి శ్మశానం గుమ్మానికి రెండు రాతి అస్థిపంజరాలు చెక్కి ఉంటాయి. ఫొటో దిగి వచ్చేస్తాం. అక్కడ అమ్ముడుపోయినవాళ్ళ కోసం తెలుగులో ఒక్క మాటైనా మిగల్లేదు. బెంగాలీకి కనీసం హార్మాద్ మిగిలింది.

1666 జనవరిలో షాయిస్తా ఖాన్ సైన్యం చిట్టగాంగ్‌ని పట్టుకోవడంతో ఆ దాడుల నడుం విరిగింది. దానికి కొద్దిగా ముందే ఫిరంగులు అరకాన్ రాజుని వదిలి మొగలుల వైపు వచ్చేశారు. వాళ్ళని ఢాకా దగ్గర స్థిరపరచిన చోటికి ఫిరింగి బజార్ అని పేరు. అరకాన్ దాడులు మాత్రం ఆ తర్వాత కూడా పూర్తిగా ఆగలేదు. రెనెల్ పద్దెనిమిదో శతాబ్దంలో గీసిన బెంగాల్ పటంలో సుందర్‌బన్స్ మీద "మగ్గుల వల్ల జనం లేకుండా పోయిన సీమ" అని రాసి ఉంటుంది. మగ్గులంటే అరకాన్‌వాళ్ళు. వాళ్ళతో ఒకే ఓడలో వచ్చిన ఫిరంగుల పేరు ఆ పటంలో లేదు. గీసినవాడు ఒక యూరోపియన్ సర్వేయరు. పటం మర్చిపోయినవాళ్ళని జనం నోరు మర్చిపోలేదు, హార్మాద్ అని గుర్తుపెట్టుకుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బెంగాలీలో అడ్డూ అదుపూ లేని చోటుని "మగేర్ ములుక్" అంటారు, మగ్గుల రాజ్యమని. ఆ సామెత నేను వాడను. ఆ పేరు మోస్తున్న జనం ఇంకా ఉన్నారు. బంగ్లాదేశ్‌లోని రఖైన్ కుటుంబాలకి ఆ మాట చురుక్కున తగులుతుంది. హార్మాద్ అలా కాదు. అది ఒక జాతి పేరుగా పుట్టలేదు, చేసిన పనికి పేరయింది. తూర్పు మేదినీపూర్‌లో గేంవ్‌ఖాలీ దగ్గర మీర్‌పూర్ అనే ఊళ్ళో పోర్చుగీసు సంతతివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మరాఠా బర్గీల దాడులకి అడ్డుగా నిలబడ్డానికి మహిషాదల్ రాజులు వాళ్ళ పూర్వీకుల్ని తెచ్చి పెట్టుకున్నారని చెప్తారు. ఒకరి నుంచి కాపాడమని ఇంకొకరిని తెచ్చుకున్న ఊరు అది. చర్చి ఉంది, ఇంటిపేర్లు పోర్చుగీసువి, మాట అచ్చమైన మేదినీపూర్ బెంగాలీ. వాళ్ళని ఎవరూ హార్మాద్ అనరు, అనకూడదు కూడా.

ఆ ఊరికి ఎంతో దూరంలో లేని నందిగ్రామ్‌లోనే ఆ మాట మళ్ళీ లేచింది. 2007 గొడవల్లో అప్పటి పాలక పార్టీ సీపీఎం తరఫున తుపాకులతో తిరుగుతున్నారని ఆరోపణ ఉన్న మనుషుల్ని ప్రత్యర్థులు "హార్మాద్ బాహినీ" అన్నారు. 2010 చివర్లో కేంద్ర హోంమంత్రి చిదంబరం ఉత్తరంలో ఆ మాట వాడితే, ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య అభ్యంతరం చెప్పారు. ఎవరిది తప్పని నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చూసేది వేరు. 400 ఏళ్ళ తర్వాత, తామ్లుక్ ఉన్న జిల్లాలోనే, అదే నీళ్ళ పక్కన, ఊరి మీద ఆయుధాలతో పడినవాళ్ళు అనడానికి జనానికి ఆ మాటే దొరికింది. ఒక ముఖ్యమంత్రి ఊరుకోలేనంత పదును దానికి అప్పటికీ ఉంది. నౌకాదళం అంటే ఎవరు ఉలిక్కిపడతారు?

దీదిమా సొంతూరు ఖరగ్‌పూర్ కాదు. దేశం ముక్కలైనప్పుడు బారిసాల్ జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చిన కుటుంబం. పాతకాలంలో ఆ సీమ పేరు బక్లా. తాలిష్ పుస్తకంలో బక్లా గురించి ఒక వాక్యం ఉంది. దోపిడీ చీపురుతో ఊడ్చేశారనీ, ఆ సీమలో ఇళ్ళలో ఉండటానికీ దీపం వెలిగించడానికీ ఒక్కరు మిగల్లేదనీ రాశాడు. దీపం పెట్టే దిక్కు లేకుండా పోయిందని మనం అనమూ, అచ్చం అదే. సందెవేళ తులసికోట దగ్గర దీపం పెడుతూ కూడా మమ్మల్ని గోడ మీద చూస్తే ఆవిడ ఆ మాటే అరిచేది. ఆవిడకి ఆ మాట వాళ్ళ నాన్నమ్మ ఇచ్చిందట. ఆ నాన్నమ్మకి ఎవరిచ్చారో ఊహించుకోగలను. హార్మాద్‌లు ఎక్కడుంటారని ఒకసారి అడిగాను. జామకాయ కోసి ఉప్పు అద్ది నా చేతిలో పెడుతూ, "నీళ్ళ మీంచి వస్తారు" అంది. చాలా రోజులు మా పెరటి నూతిలోకి తొంగిచూడటానికి భయపడ్డాను.

సంపాదకులతో మాట్లాడి, ప్రూఫులో "నౌకాదళం" కొట్టేశాను. వారు మధ్యేమార్గంగా "సముద్రపు దొంగలు" అందామన్నారు. అదీ వద్దన్నాను. సముద్రపు దొంగ ఏ సముద్రంలోనైనా ఉంటాడు, వీళ్ళు వచ్చింది ఒక్క ఆ నదుల్లోకే. బందిపోటు అంటే దారి కనపడుతుంది, నీళ్ళు కనపడవు. హార్మాద్ అనే ఉంచాం, పక్కన వివరణ లేకుండా.

వివరణ కథలోనే ఉంది. "హార్మాద్ అంటే ఎవరు తాతా?" అని మనవడు అడుగుతాడు. ముసలాయన జవాబు చెప్పడు. తెడ్డు ఆపకుండా, ఎడమచేత్తో లాంతరు వత్తి తగ్గిస్తాడు.